శ్రీలంకలో బౌద్ధ జాతీయవాదం: భిక్షువుల చేతిలో లేని అధికారం, పాలకులు దాటలేని గీత

శ్రీలంక అధ్యక్షుడు బౌద్ధుడై ఉండాలని ఆ దేశ రాజ్యాంగంలో ఎక్కడా లేదు. హిందువైనా, ముస్లిమైనా, క్రైస్తవుడైనా పోటీ చేయొచ్చు. కానీ 1978లో కార్యనిర్వాహక అధ్యక్ష పదవి వచ్చినప్పటి నుంచి ఆ కుర్చీలో కూర్చున్న వాళ్లందరూ సింహళ బౌద్ధులే. పదవి దక్కగానే వాళ్లు చేసే మొదటి పనుల్లో కాండీ ప్రయాణం ఒకటి. బుద్ధుడి దంత ధాతువు ఉన్న దళదా మాలిగావలో పూజ చేసి, మల్వత్త, అస్గిరియ విహారాల మహానాయక థేరోల (ప్రధాన భిక్షువుల) ముందు చేతులు జోడించి కూర్చుంటారు. మంత్రులూ అంతే, సైన్యాధిపతులూ అంతే. ఇలా చేయాలని ఏ చట్టమూ చెప్పదు. మానేసే ధైర్యం ఎవరికీ లేదు.

మత జాతీయవాదం ప్రభుత్వాన్ని శాసిస్తోందంటే మనకు ముందుగా ఇరాన్ గుర్తొస్తుంది. అక్కడ మతాధిపతికి రాజ్యాంగబద్ధంగానే సర్వాధికారం ఉంది. శ్రీలంక కథ వేరు. అక్కడి భిక్షువులు ఎన్నడూ ప్రభుత్వాన్ని నడపలేదు, నేరుగా ఎన్నికల్లోకి దిగినప్పుడు చాలావరకు నవ్వులపాలయ్యారు. కానీ ప్రభుత్వం ఫలానా పని చేయకుండా ఆపగలిగారు, అదీ పదే పదే. బండి తోలేది వాళ్లు కాదు గానీ బ్రేకు ఉన్న సంగతి బండి ఎక్కిన ప్రతివాడికీ తెలుసు. ఆ బ్రేకు మీద కాలు వేసేది చాలాసార్లు కాషాయం కట్టినవాళ్లు కూడా కాదు, ప్రతిపక్షంలో ఉన్న పెద్ద పార్టీ. ఈ సంగతి పట్టుకుంటే 1956 నుంచి నేటి దాకా అక్కడి రాజకీయం చాలావరకు అర్థమవుతుంది.

ముందు లెక్కలు. 2012 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సుమారు 2 కోట్ల 3 లక్షల మంది. సింహళీయులు దాదాపు 75 శాతం, శ్రీలంక తమిళులు 11 శాతం, తేయాకు తోటల కోసం బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన భారత సంతతి తమిళులు 4 శాతం, ముస్లింలు 9 శాతం పైచిలుకు. మతం లెక్కన బౌద్ధులు 70 శాతం, హిందువులు 12.6 శాతం. 75కీ 70కీ మధ్య తేడా ఎక్కువగా సింహళ క్రైస్తవులది. కొలంబోకు ఉత్తరాన నెగోంబో తీరమంతా వాళ్ల ఊళ్లే. సింహళీయుడంటే బౌద్ధుడే అనే సమీకరణంలో తమిళులూ ముస్లింలూ సరే, వీళ్లు కూడా ఇమడరు.

తెలుగు మూలాల రాజులు కాపాడిన బౌద్ధం

ఈ జాతీయవాదానికి ఆధార గ్రంథం మహావంశం. క్రీస్తు శకం 5, 6 శతాబ్దాల ప్రాంతంలో అనురాధపురంలోని భిక్షువులు పాలీలో రాసిన వంశ చరిత్ర అది. అందులో నాయకుడు దుట్టగామణి. అతను ఓడించిన ఎళార చోళదేశం నుంచి వచ్చి 44 ఏళ్లు న్యాయంగా ఏలిన రాజని ఆ గ్రంథమే ఒప్పుకుంటుంది. యుద్ధంలో ఇన్ని ప్రాణాలు తీశానే అని దుట్టగామణి కుమిలిపోతుంటే అర్హంతులు (నిర్వాణ స్థితికి చేరిన భిక్షువులు) వచ్చి ఓదార్చిన ఘట్టం ఒకటుంది. చనిపోయిన వాళ్లలో లెక్కకొచ్చేది ఒకటిన్నర మనిషేనట: త్రిశరణాలు (బుద్ధుడు, ధర్మం, సంఘం) స్వీకరించినవాడు ఒకడు, పంచశీల కూడా పాటించినవాడు ఇంకొకడు. మిగతావాళ్లు పశువులతో సమానం. ఇరవయ్యో శతాబ్దపు రాజకీయ నాయకులు ఎళార సమాధికి దుట్టగామణి చేసిన గౌరవాన్ని వదిలేసి ఈ లెక్కనే పట్టుకున్నారు.

చరిత్ర మాత్రం ఇంత శుభ్రంగా గీత గీయనివ్వదు. ఇక్కడ తెలుగువాళ్లకు నేరుగా సంబంధమున్న అధ్యాయం ఒకటుంది. 1739లో కాండీ రాజు వీర నరేంద్రసింహ వారసుడు లేకుండా చనిపోతే, మదురై నుంచి వచ్చిన రాణి తమ్ముడు శ్రీ విజయ రాజసింహగా సింహాసనం ఎక్కాడు. అక్కడ మొదలైంది నాయక్కర్ వంశం. మదురై నాయకుల బంధువర్గానికి చెందిన, తెలుగు మూలాలున్న, శైవం పాటించే కుటుంబం. ఈ వంశంలో రెండోవాడు కీర్తి శ్రీ రాజసింహ (1747–1782) సింహళ బౌద్ధానికి చేసిన మేలు సింహళ రాజులే చేయలేదు. ఉపసంపద, అంటే భిక్షువుకు పూర్తి దీక్ష ఇవ్వడానికి దీక్షాపరులైన భిక్షువులు కనీసం ఐదుగురు కావాలి. అప్పటికి ద్వీపంలో ఆ ఐదుగురు కూడా మిగల్లేదు. రాజు సియాంకు, అంటే నేటి థాయ్‌లాండ్‌కు, రాయబారం పంపి, 1753లో ఉపాలి థేరో బృందాన్ని రప్పించి దీక్షా పరంపరను తిరిగి నిలబెట్టాడు. నేటికీ దేశంలో అతి పెద్ద భిక్షు శాఖ (నికాయ) అయిన సియాం నికాయ అలా పుట్టింది. కాండీ ఎసల పెరహెర ఊరేగింపులో దంత ధాతువుకు అగ్రస్థానం దక్కిందీ ఆయన కాలంలోనే.

ఆ రాజునే చంపడానికి 1760లో ప్రధానులూ కొందరు భిక్షువులూ కుట్ర పన్నారు. విహారాలు ఎన్ని కట్టించినా నుదుటి మీద విభూతి మాత్రం మానలేదన్నది ఆయన మీద ఫిర్యాదుల్లో ఒకటి. కుట్ర బయటపడింది, రాజు బతికాడు. ఈ వంశంలో చివరివాడు శ్రీ విక్రమ రాజసింహ. 1815 మార్చి 2న కాండీ ప్రధానులు ఇతన్ని తోసేసి రాజ్యాన్ని బ్రిటిష్‌వాళ్ల చేతిలో పెట్టారు. ఆ ఒప్పందం 'మలబారు జాతి' వారికి, అంటే దక్షిణ భారతం నుంచి వచ్చిన ఈ రాజవంశానికి, కాండీ మీద ఏ హక్కూ లేకుండా చేసింది. ఐదో నిబంధనలో బౌద్ధ ధర్మం అనుల్లంఘనీయమనీ, దాని ఆచారాలనూ, భిక్షువులనూ, విహారాలనూ కాపాడతామనీ బ్రిటిష్ ప్రభుత్వం మాటిచ్చింది. దించేసిన రాజు వేలూరు కోటలో బందీగా ఉండి 1832లో పోయాడు.

ఐదో నిబంధన ముఖ్యం. మిషనరీల ఒత్తిడితో కొన్ని దశాబ్దాలకే బ్రిటిష్‌వాళ్లు ఆ బాధ్యత వదిలించుకున్నారు. బడులు మిషనరీల చేతికి, ఉద్యోగాలు ఇంగ్లిషు చదివినవాళ్లకు వెళ్లాయి. రాజ్యం మాకిచ్చిన మాట తప్పింది, మళ్లీ నిలబెట్టుకోవాలి అన్న ఫిర్యాదు అక్కడ మొదలైంది. ఆ ఫిర్యాదులో నిజం ఉంది. 1880లో కర్నల్ ఆల్కాట్ వచ్చి బౌద్ధ పాఠశాలల ఉద్యమం మొదలుపెట్టాడు. అనగారిక ధర్మపాల (1864–1933) దానికి సింహళ జాతి అనే పదును పెట్టాడు. పరాయి క్రైస్తవ ప్రభుత్వం మీద ఎక్కుపెట్టిన ఆ పదును స్వాతంత్ర్యం వచ్చేసరికి పక్కింటి తమిళుడి వైపూ ముస్లిం వైపూ తిరిగింది.

రోస్మీడ్ ప్లేస్ వాకిట్లో

1948లో వచ్చిన సోల్బరీ రాజ్యాంగం లౌకికమైనదే. 29(2) సెక్షన్ ప్రకారం ఏ మతానికీ, ఏ సముదాయానికీ ఇతరులకు లేని ప్రయోజనం కల్పించే చట్టం పార్లమెంటు చేయకూడదు. ఆ సెక్షన్ ఉండగానే, స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే వచ్చిన పౌరసత్వ చట్టం తోటల తమిళుల్లో అత్యధికులను పౌరులు కాకుండా చేసింది. నియోజకవర్గాల విభజన జనాభా, విస్తీర్ణాల మీద ఆధారపడేది. 75 వేల మందికి ఒక సీటు, వెయ్యి చదరపు మైళ్లకు ఇంకో సీటు. ఓటు పోయిన తోట కూలీలు జనాభా లెక్కలో మాత్రం మిగిలారు. దాంతో కొండ ప్రాంతపు సింహళ ఓటరు ఓటు బరువు పెరిగింది. గ్రామీణ సింహళ ఓటును పట్టినవాడిదే ప్రభుత్వం అన్న పరిస్థితి ఈ లెక్కలోంచే వచ్చింది.

1956 బుద్ధ జయంతి ఏడాది, పరినిర్వాణానికి 2,500 ఏళ్లు. ఎస్.డబ్ల్యూ.ఆర్.డి. బండారనాయకే ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు, ఆంగ్లికన్ కుటుంబంలో పుట్టి బౌద్ధంలోకి మారినవాడు. 24 గంటల్లో సింహళం ఒక్కటే అధికార భాష చేస్తానని ఎన్నికల్లోకి దిగాడు. భిక్షువులు ఊరూరా తిరిగి ప్రచారం చేశారు, కెలణియ విహారాధిపతి బుద్ధరక్ఖిత డబ్బూ మనుషులనూ సమకూర్చాడు. అధికారంలో ఉన్న యూఎన్‌పీ (యునైటెడ్ నేషనల్ పార్టీ) ఏం చేసిందో చూడండి. సింహళానికీ తమిళానికీ సమాన హోదా అన్న పార్టీ అది. ఎన్నికలు దగ్గరపడగానే తానూ సింహళమే అంది. అయినా ఓడిపోయింది. అసలు సరుకు పక్క కొట్లో దొరుకుతుంటే నకలు ఎవరు కొంటారు!

గెలిచాక బండారనాయకే చిక్కు గ్రహించాడు. 1957 జూలై 26న తమిళ నాయకుడు ఎస్.జె.వి. చెల్వనాయకంతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. ప్రాంతీయ మండళ్లు, వ్యవసాయం, విద్య, భూమి పంపకాల వంటి అధికారాలు, ఉత్తర తూర్పు ప్రాంతాల పాలనలో తమిళం. అంతకుమించి ఏమీ లేదు. అక్టోబరులో ప్రతిపక్షం నుంచి జె.ఆర్. జయవర్ధనే దీనికి వ్యతిరేకంగా కొలంబో నుంచి కాండీకి పాదయాత్ర మొదలుపెట్టాడు. దంత ధాతువు ముందు మొర పెట్టుకుంటానన్నాడు. దారిలో ఇంబుల్‌గోడ దగ్గర ప్రభుత్వ పక్షం వాళ్లే అడ్డుకుని ఆపేశారు. కానీ విత్తనం పడింది. 1958 ఏప్రిల్ 9న సుమారు 200 మంది భిక్షువులు కొలంబో రోస్మీడ్ ప్లేస్‌లోని ప్రధాని ఇంటి ముందు బైఠాయించారు. ఒప్పందం రద్దు చేస్తానంటే చాలదు, రాసివ్వాలన్నారు. ప్రధాని రాసిచ్చాడు. మరుసటి నెలలో దేశవ్యాప్తంగా తమిళుల మీద దాడులు జరిగాయి.

1959 సెప్టెంబరు 25న అదే ఇంటి వరండాలో తల్దువే సోమారామ అనే భిక్షువు బండారనాయకేను కాల్చాడు. కాషాయం కట్టిన మనిషిని ఎవరూ సోదా చేయలేదు. ప్రధాని లేచి వంగి నమస్కరించాడు కూడా. మర్నాడు చనిపోయాడు. కుట్రదారుగా శిక్ష పడింది గెలిపించిన బుద్ధరక్ఖితకే. సిద్ధాంతం కంటే దక్కని వ్యాపార లాభాల మీద కక్షే పెద్ద కారణమని విచారణలో తేలింది. ఈ వివరాన్ని చాలామంది దాటేస్తారు, దాటేయకూడదు. రాజకీయ నాయకుడు పవిత్రత అరువు తెచ్చుకుంటే అవతలివాడు దానికి వడ్డీ అడుగుతాడు. కాంట్రాక్టులు, పదవులు, భూములు, ఏదో ఒక రూపంలో.

అధికారంలో ఒక మాట, ప్రతిపక్షంలో ఒక మాట

1957లో పాదయాత్ర చేసిన యూఎన్‌పీ 1965లో అధికారంలోకి వచ్చింది. ప్రధాని డడ్లీ సేననాయకే అదే చెల్వనాయకంతో జిల్లా మండళ్ల ఒప్పందం చేసుకున్నాడు. ఈసారి వీధికెక్కింది బండారనాయకే స్థాపించిన ఎస్‌ఎల్‌ఎఫ్‌పీ (శ్రీలంక ఫ్రీడం పార్టీ). వెంట ఎర్రజెండా పార్టీలు కూడా. 1966 జనవరి 8న ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే ఒక భిక్షువు చనిపోయాడు. 1968లో జిల్లా మండళ్ల బిల్లు అటకెక్కింది. తమిళులకు ఇవ్వలేనిది బౌద్ధులకు ఇచ్చి సర్దుకోవాలనుకున్న డడ్లీ 1966లో ఆదివారం సెలవు తీసేసి, చంద్రుడి కళల ప్రకారం వచ్చే పోయ దినాలను వారాంతం చేశాడు. వారం కొన్నిసార్లు ఏడు రోజులు, కొన్నిసార్లు ఎనిమిది. ప్రపంచమంతా ఆదివారం బ్యాంకులు మూస్తే కొలంబోలో తెరిచేవారు. 1971లో మళ్లీ ఆదివారానికి వచ్చి, పౌర్ణమి పోయ మాత్రం సెలవుగా ఉంచారు. ఆ రోజు మద్యం, మాంసం దుకాణాలు ఇప్పటికీ మూసే ఉంటాయి.

2000 ఆగస్టులో అధ్యక్షురాలు చంద్రిక కుమారతుంగ అధికార వికేంద్రీకరణతో కొత్త రాజ్యాంగ ముసాయిదా తెచ్చినప్పుడూ అదే ఆట. యూఎన్‌పీ సభ్యులు పార్లమెంటులోనే దాని ప్రతులను తగలబెట్టారు, బయట భిక్షువులు ధర్నా చేశారు. 2005లో సునామీ సాయాన్ని ఎల్‌టీటీఈతో కలిసి పంచే యంత్రాంగానికి ఆమె ఒప్పుకుంటే, ఒక సీనియర్ భిక్షువు కాండీలో నిరాహార దీక్షకు కూర్చున్నాడు, వామపక్ష భాగస్వామి జేవీపీ ప్రభుత్వం నుంచి వెళ్లిపోయింది, సుప్రీంకోర్టు కీలక భాగాలపై స్టే ఇచ్చింది.

ఈ ఆట ఎందుకు ఆగదు? రెండు పెద్ద పార్టీలకూ ఓటర్లు ఒకే చోట ఉన్నారు. తమిళుల ఓటు ఎక్కువగా తమిళ పార్టీలకే పోతుంది. కాబట్టి తమిళులకు ఏదైనా ఇచ్చిన ప్రభుత్వానికి వాళ్ల నుంచి వచ్చే ఓట్లు తక్కువ, సింహళ గ్రామాల్లో పోయే ఓట్లు ఎక్కువ. ప్రతిపక్షానికేమో "దేశాన్ని అమ్మేశారు" అనడానికి పైసా ఖర్చు లేదు. భిక్షువులు ఆ నినాదానికి నైతిక ముద్ర వేస్తారు. వాళ్లలోనే ఏకాభిప్రాయం ఉండదన్నది మరో సంగతి. మూడు నికాయలు, వాటి లోపల కులాల తేడాలు (సియాం నికాయ గొవిగమ అనే అగ్రకులం వాళ్లకే దీక్ష ఇస్తుంది), ఎవరి విహారం వారిది. శాంతి కోరుకునే భిక్షువులు లేరా అంటే, ఉన్నారు. కానీ 'ఆపండి' అనడానికి పదిమంది గొంతు చాలు, 'చేయండి' అని ఒప్పించడానికి అందరి గొంతూ కావాలి.

ఇలా ఒక్కో ఒప్పందం చినిగిన కొద్దీ తమిళ రాజకీయాల్లో మితవాదులకు చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. 1976లో జాఫ్నా దగ్గరి వడ్డుకోడ్డైలో తమిళ నాయకుల ప్రత్యేక దేశం తీర్మానం, 1983 నుంచి 2009 వరకు యుద్ధం. యుద్ధానికి కారణాలు ఇంకా ఉన్నాయి, ఎల్‌టీటీఈ హింస సహా. అయినా ఈ వరుసను తప్పించి చెప్పడం కుదరదు.

ఒక వాక్యం, దానికి వేసిన తాళం

1972 రాజ్యాంగం 29(2)ను తీసేసి, ఆరో అధికరణంలో బౌద్ధానికి 'అగ్రస్థానం' ఇచ్చింది. దాన్ని రూపొందించిన మంత్రి కాల్విన్ ఆర్. డిసిల్వా ట్రాట్‌స్కీవాది. రెండు భాషలైతే ఒకే దేశం, ఒకే భాషైతే రెండు దేశాలు అని 1956లో హెచ్చరించింది ఆయనే! 1978లో జయవర్ధనే తెచ్చిన రాజ్యాంగంలో అది తొమ్మిదో అధికరణమైంది. 'బౌద్ధాన్ని' కాపాడి పోషించాలన్న చోట 'బుద్ధ శాసనాన్ని' అని వచ్చింది. నమ్మకంతోపాటు సంఘం, విహారాలు, వాటి ఆస్తులు కూడా దాని పరిధిలోకొస్తాయి. అదే వాక్యంలో ఇతర మతాలకు 10, 14(1)(ఇ) అధికరణాల హక్కులు ఉంటాయని హామీ ఉంది.

తాళం 83వ అధికరణంలో ఉంది. తొమ్మిదో అధికరణాన్ని మార్చాలంటే 225 మంది సభ్యుల్లో 150 మంది ఓటు, ఆపైన ప్రజాభిప్రాయ సేకరణ. మనస్సాక్షి స్వేచ్ఛనిచ్చే పదో అధికరణానికీ అదే రక్షణ ఉంది. మతాన్ని బహిరంగంగా ఆచరించే, బోధించే 14(1)(ఇ)కి మాత్రం రెఫరెండం రక్షణ లేదు. బయటివాళ్లకు చిన్న తేడాలా కనిపిస్తుంది. 2003లో ఒక క్రైస్తవ సన్యాసినుల సంస్థ, చట్టబద్ధ గుర్తింపు కోసం బిల్లు పెట్టించుకుంటే ఆ తేడా ఏమిటో తెలిసింది. సేవా కార్యక్రమాలు, మత ప్రచారం కలిపి చేస్తే అది 10వ అధికరణానికి విరుద్ధమనీ, బుద్ధ శాసనానికీ హాని అనీ సుప్రీంకోర్టు చెప్పింది. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ 2005లో దీన్ని తప్పుపట్టినా తీర్పు మారలేదు.

అయితే ఇదే తాళం రెండో వైపు కూడా పడింది. 2004లో జాతిక హెల ఉరుమయ అనే భిక్షువుల పార్టీ మతమార్పిడి నిషేధ బిల్లు తెస్తే, అందులో కొన్ని క్లాజులకు రెఫరెండం కావాలని కోర్టు చెప్పింది. బౌద్ధాన్ని అధికార మతం చేయాలన్న సవరణకూ అదే జవాబు. రెండూ ఆగిపోయాయి. తొమ్మిదో అధికరణాన్ని తీసేయడం ఎంత కష్టమో, మరింత బిగించడమూ అంతే కష్టం.

పోటీ చేసి ఓడే భిక్షువులు

ఆ జాతిక హెల ఉరుమయదే ఎన్నికల్లో భిక్షువులకు దక్కిన అతి పెద్ద విజయం. 2004లో భిక్షువులనే అభ్యర్థులుగా దింపి దాదాపు 6 శాతం ఓట్లతో 9 సీట్లు గెలిచింది. పార్లమెంటులో తోపులాటల్లో కాషాయం నలిగిన దృశ్యాలు టీవీలో చూసి జనం చీదరించుకున్నారు. 2012లో పుట్టిన అతివాద బౌద్ధ సంస్థ బోదు బల సేన వీధుల్లో ఎంత చప్పుడు చేసినా, 2015లో దాని రాజకీయ విభాగానికి 0.2 శాతం ఓట్లు కూడా రాలేదు. 2020లో ఇంకో చిన్న పార్టీకి జాతీయ జాబితా (ఓట్ల వాటాను బట్టి పార్టీలకు పంచే సీట్లు) ద్వారా ఒక్క సీటు దక్కితే, అది నాదంటే నాదని భిక్షువులు నెలల తరబడి కొట్టుకున్నారు. చివరికి 2021 జనవరిలో గానీ ఆ సీటు నిండలేదు.

ఓట్లు లేకపోయినా పని జరుగుతుంది. 2019 ఏప్రిల్ 21 ఈస్టర్ పేలుళ్లలో 260 మందికి పైగా చనిపోయారు. ఆ కోపం వేడి మీద మే 31న ఎంపీ అతురలియే రతన థేరో దళదా మాలిగావ ఎదుట నిరాహార దీక్షకు కూర్చున్నాడు. ఇద్దరు ముస్లిం గవర్నర్లను, ఒక ముస్లిం మంత్రిని తొలగించాలన్నది డిమాండు. జూన్ 3న గవర్నర్లిద్దరూ తప్పుకున్నారు, క్యాబినెట్, సహాయ మంత్రులతో సహా ముస్లిం మంత్రులంతా రాజీనామా ఇచ్చారు. నాలుగు రోజుల దీక్ష, ఒక్క ఓటింగ్ లేదు, ఒక్క కోర్టు విచారణ లేదు.

సర్క్యులర్లు, గెజిట్లు, బెయిలు

పేపర్లకెక్కేది దీక్షలే గానీ రోజువారీ పాలనలో ఈ భావజాలం కిందిస్థాయి కాగితాల్లో నడుస్తుంది. 2008లో మత వ్యవహారాల శాఖ ఒక సర్క్యులర్ పంపింది: కొత్త ప్రార్థనాలయం కట్టాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలి. అది పార్లమెంటు చేసిన చట్టం కాదు. కానీ ఊళ్లో ఇంట్లో ప్రార్థనలు పెట్టుకున్న పాస్టరు దగ్గరికి పోలీసులు వచ్చి అనుమతి కాగితం అడుగుతారు. స్థానిక విహారం అభ్యంతరం చెబితే అధికారి సంతకం పెట్టడు, తిరస్కరించడు కూడా. ఫైలు అలా పడి ఉంటుంది. కోర్టుకెళ్లడానికి సవాలు చేయదగ్గ ఉత్తర్వే చేతికి రాదు.

రెండోది పురావస్తు శాఖ. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో ప్రాచీన బౌద్ధ శిథిలాలు నిజంగానే ఉన్నాయి, వాటిలో తమిళ బౌద్ధుల కాలానివీ ఉండొచ్చని చరిత్రకారులు అంటారు. స్థలాన్ని రక్షిత ప్రాంతంగా గెజిట్‌లో ప్రకటించగానే చుట్టుపక్కల సాగు, కట్టడాలు ఆగిపోతాయి. 2020 జూన్‌లో తూర్పు రాష్ట్రానికి పురావస్తు టాస్క్‌ఫోర్స్ వేశారు. అధ్యక్షుడు రక్షణ శాఖ కార్యదర్శి. తమిళులూ ముస్లింలే మెజారిటీగా ఉన్న ఆ రాష్ట్రానికి వేసిన మొదటి జాబితాలో వాళ్లలో ఒక్కరూ లేరు.

మూడోది మరీ విచిత్రం. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను అమలు చేయడానికి 2007లో 56వ నంబరు చట్టం చేశారు. దాని మూడో సెక్షన్ మత విద్వేషాన్ని రెచ్చగొట్టడాన్ని నేరం చేసింది. ఈ సెక్షన్ కింద బెయిలు మేజిస్ట్రేటు ఇవ్వలేడు. హైకోర్టే ఇవ్వాలి, అదీ అసాధారణ పరిస్థితుల్లో. మైనారిటీలకు కవచం కావలసిన ఈ సెక్షన్ కింద 2019 ఏప్రిల్‌లో ఒక సింహళ కథారచయితను పట్టుకెళ్లారు. విహారంలో లైంగిక దోపిడీని సూచించే కథ రాశాడని భిక్షువులు ఫిర్యాదు చేశారు. నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. 2021లో కేసు కొట్టేశారు. శిక్ష పడనక్కర్లేదు, బెయిలు ఆలస్యమే శిక్ష.

పక్కన పెట్టి చూడవలసిన ఇంకో కేసు బోదు బల సేన నేత గలగోడ అత్తే జ్ఞానసారది. 2014 జూన్ 15న అలుత్‌గమలో ఆయన ప్రసంగం తర్వాత ముస్లింల మీద దాడులు జరిగాయి. దానికి శిక్ష పడలేదు. కోర్టు ధిక్కారానికి 2018లో ఆరేళ్ల జైలు పడితే, 2019 మేలో అధ్యక్షుడు సిరిసేన క్షమాభిక్ష పెట్టాడు. 2021 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు గొటబాయ రాజపక్స 'ఒకే దేశం ఒకే చట్టం' టాస్క్‌ఫోర్స్‌కు ఆయననే అధ్యక్షుణ్ణి చేశాడు. కోర్టును ధిక్కరించి జైలుకెళ్లిన మనిషికి చట్టాలు సూచించే పని! గొటబాయ దిగిపోయాక, 2024 మార్చిలో ఇస్లాంను కించపరిచిన పాత కేసులో జ్ఞానసారకు నాలుగేళ్ల శిక్ష పడింది.

గొటబాయ లెక్క

అధ్యక్ష పదవికి దేశమంతా ఒకే నియోజకవర్గం, 50 శాతం దాటాలి. ఈ పద్ధతిలో మైనారిటీ ఓటును ఎవరూ తీసిపారేయలేరని అనుకునేవారు. 2015లో సిరిసేన 51.28 శాతంతో గెలిచింది తమిళ, ముస్లిం ఓట్లతోనే. 2019 నవంబరులో గొటబాయ ఆ లెక్కను తిరగేసి 52.25 శాతం తెచ్చుకున్నాడు, దాదాపు పూర్తిగా సింహళ ఓట్లతో. ప్రమాణస్వీకారం అనురాధపురంలో, దుట్టగామణి కట్టించిన రువన్‌వెలిసాయ స్తూపం దగ్గర. సింహళ ఓట్లతోనే గెలవగలనని తనకు తెలుసని అక్కడే అన్నాడు.

ఆ తర్వాత ఆపేవాళ్లు లేని ప్రభుత్వం ఎలా ఉంటుందో దేశం చూసింది. కరోనా మృతులను తప్పనిసరిగా దహనం చేయాలని 2020 ఏప్రిల్ 11న గెజిట్ వచ్చింది. ఖననం చేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా, భూగర్భ జలాల్లోకి వైరస్ దిగుతుందన్న వాదన పట్టుకున్నారు. ముస్లింలు శవాలను తీసుకోవడానికి నిరాకరించారు. 20 రోజుల పసికందును కూడా తల్లిదండ్రుల ఇష్టానికి విరుద్ధంగా దహనం చేశారు. జెనీవాలో మానవ హక్కుల మండలి సమావేశాల వేళ, 2021 ఫిబ్రవరిలో ఉత్తర్వు మార్చారు. 2024 జూలైలో క్యాబినెట్ క్షమాపణ చెప్పింది.

2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేయడం మత నిర్ణయం కాదు. కానీ 'విషం లేని సేద్యం' ప్రచారంలో ముందున్నది రతన థేరో వంటి వాళ్లే. వ్యవసాయ శాస్త్రవేత్తల మాట వినని వాతావరణం, వైద్య నిపుణుల మాట వినని దహనం ఉత్తర్వు, రెండూ ఒకే ఇంట్లోవి. 2022 ఏప్రిల్‌లో దేశం అప్పులు కట్టలేనంది. జూలై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొరబడ్డారు, 13న గొటబాయ దేశం విడిచాడు. ఆయనకు ఓటేసిన సింహళ బౌద్ధులే ఆ గుంపులో ఎక్కువ. భిక్షువులు కూడా ఉన్నారు.

2024 నవంబరు ఎన్నికల్లో అధ్యక్షుడు అనుర కుమార దిసానాయకే నాయకత్వంలోని వామపక్ష కూటమి ఎన్‌పీపీకి 159 సీట్లు వచ్చాయి. తమిళుల జిల్లా అయిన జాఫ్నాలో కూడా అది ముందు నిలిచింది. 150 దాటింది కాబట్టి పార్లమెంటులో తొమ్మిదో అధికరణాన్ని తాకడానికి అంకెలు చాలు. తాకే ఉద్దేశమే కనబడదు. 1987 భారత్-లంక ఒప్పందం నుంచి వచ్చిన రాష్ట్ర మండళ్లకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2014లో. వాటికి రాజ్యాంగం రాసిచ్చిన పోలీసు, భూమి అధికారాలు ఏ ప్రభుత్వమూ పూర్తిగా చేతికివ్వలేదు. 2025 నవంబరులో ట్రింకోమలీ తీరంలో ఒక విహార స్థలంలో రాత్రికి రాత్రి పెట్టిన బుద్ధ విగ్రహాన్ని పోలీసులు తీసేశారు. ప్రతిపక్షం పార్లమెంటులో లేచింది. మర్నాడే విగ్రహం తిరిగి అదే చోటికి వచ్చింది. ఆ గొడవ చేసిన ప్రతిపక్షం, 2019 అధ్యక్ష ఎన్నికల్లో తమిళులూ ముస్లింలూ గంపగుత్తగా ఓట్లు వేసిన నాయకుడు సజిత్ ప్రేమదాసదే.